సైక్లిస్టులను అడిగారు, సైకిలు తొక్కేవాళ్లను అడగలేదు

గౌరవనీయులైన సంపాదకులు గారికి,

నమస్కారం. గత ఆదివారం మీ పత్రిక అనుబంధంలో ఏ సైకిలు కొనాలన్న విషయం మీద రెండు పేజీల వ్యాసం వచ్చింది. రంగుల బొమ్మలతో, ధరల పట్టికతో, ఐదుగురు సైక్లిస్టుల అభిప్రాయాలతో చూడముచ్చటగానే ఉంది. కార్బను ఫ్రేము ఎంత తేలిక, డిస్కు బ్రేకులు ఎందుకు మేలు, గేర్లు ఎన్ని ఉండాలి, పందేల్లో తొక్కేవాళ్లు ఇప్పుడు ఏ టైర్లు ఎక్కిస్తున్నారు అన్న సంగతులన్నీ ఓపికగా రాశారు. అందులో అబద్ధం ఏదీ నాకు కనపడలేదు. అయితే ఆ ఐదుగురూ ఆదివారం తెల్లవారుజామున తొక్కి, సోమవారం కారులో ఆఫీసుకు వెళ్లేవాళ్లే. సోమవారం కూడా సైకిలు మీదే పనికి వెళ్లేవాడిని మీ విలేకరి ఒక్కరినైనా అడిగి ఉంటే ఆ వ్యాసం మరోలా ఉండేదన్న నమ్మకంతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను బాలానగర్ పారిశ్రామికవాడలో 31 ఏళ్లు లేతు మిషను మీద టర్నరుగా పనిచేసి, నిరుడు విరమించుకున్నాను. ఇల్లు మియాపూర్‌లో. రానూపోనూ 22 కిలోమీటర్లు. ఏడాదికి 300 పనిదినాలు వేసుకున్నా రెండు లక్షల కిలోమీటర్లు దాటుతుంది. భూమి చుట్టూ ఐదుసార్లు తిరిగినంత దూరమన్నమాట, తిరిగింది మాత్రం కూకట్‌పల్లి, మూసాపేట చౌరస్తాల చుట్టూనే. ఈ దూరానికి మూడు సైకిళ్లు అరిగాయి. టైర్లు, చైన్లు, ఫ్రీవీళ్లు ఎన్ని మార్చానో లెక్క రాసిపెట్టుకోలేదు. ఇదంతా గొప్ప కోసం చెప్పడం లేదు. మా వర్క్‌షాపులోనే నాకన్నా ఎక్కువ దూరం నుంచి వచ్చేవాళ్లు ఉండేవారు. వాళ్లలో ఎవరినీ ఎవరూ సైక్లిస్టు అనలేదు. మన పత్రికల భాషలో హెల్మెట్టు పెట్టుకుని తొక్కేవాడు సైక్లిస్టు, టిఫిను డబ్బా కట్టుకుని తొక్కేవాడు 'సైకిలుపై వెళ్తున్న వ్యక్తి'. ఆ రెండో పేరు సాధారణంగా ప్రమాదాల వార్తల్లోనే కనిపిస్తుంది. (ఎన్నికల పేజీల్లో కనిపించే సైకిలు సంగతి వేరు, దాని జోలికి నేను పోను.)

వ్యాసంలో నాకు గుచ్చుకున్న మాట ఒకటుంది. ఇవాళ పందెంలో వాడే పరికరమే రేపు మామూలు సైకిలుకు దిగివస్తుందని మీ విలేకరి రాశారు. కొంతవరకు నిజమే. 1891లో పారిస్ నుంచి బ్రెస్ట్ దాకా వెళ్లి తిరిగివచ్చే 1200 కిలోమీటర్ల పందెంలో షార్ల్ తెరోఁ అనే ఆయన మిషెలిన్ వాళ్ల ఊడదీసి బిగించుకునే గాలి టైర్లతో తొక్కి, 71 గంటల పైచిలుకు సమయంలో గెలిచాడు. పంక్చరు పడితే దారిలోనే విప్పి వేసుకోవచ్చని లోకానికి తెలిసింది అప్పుడే. ఇవాళ మన వీధి చివర పంక్చరు వేసే ప్రతివాడూ ఆ పందేనికి కొంత రుణపడి ఉన్నట్టే. కానీ అసలు ఆ గాలి టైరు ఎక్కడి నుంచి వచ్చింది? బెల్‌ఫాస్టులో పశువైద్యుడిగా ఉన్న డన్‌లప్, తన కొడుకు మూడు చక్రాల బండి రాళ్ల మీద ఎగిరెగిరి పడుతుంటే చూడలేక 1887, 88 ప్రాంతంలో తయారు చేశాడు. పందెగాళ్లు దాన్ని అందుకున్నది ఆ తర్వాతే.

గేర్ల కథ ఇంకా విచిత్రం. ఫ్రాన్సులో విహారానికి, దూరప్రయాణాలకు సైకిలు తొక్కే మామూలు జనం, వాళ్లలో సేంత్ ఏతియెన్‌కు చెందిన వెలోసియో అనే పెద్దాయన ముఖ్యుడు, కొండలెక్కడానికి గేర్లు కావాలని పట్టుబట్టి రకరకాలుగా చేయించుకున్నారు. టూర్ డి ఫ్రాన్సు పందెం 1903లో మొదలైంది. దాన్ని నడిపిన ఆన్రి దెగ్రాంజ్ గేర్లు మార్చే డెరైల్యూరును తన పందెంలోకి 1937 దాకా రానివ్వలేదు. అంటే ఊళ్లో షికారు తిరిగే ముసలాయన గేరు మార్చుకుంటూ గుట్టలెక్కుతుంటే, ఫ్రాన్సులోకెల్లా గొప్ప పందెగాళ్లు రెండు పక్కలా వేర్వేరు పళ్లచక్రాలున్న వెనక చక్రాన్ని విప్పి అటు తిప్పి బిగించుకుంటూ పర్వతాలెక్కారు. దెగ్రాంజ్ ఒక పత్రికా సంపాదకుడు. ఆ పందేన్ని పెట్టింది కూడా పత్రిక అమ్మకాలు పెంచుకోవడానికే. 1919 నుంచి ముందున్నవాడికి తొడుగుతున్న పసుపు చొక్కా ఆ పత్రిక కాగితం రంగే. కాబట్టి ఈ విషయంలో మీ వృత్తికి పాత లెక్క కొంత ఉందని సవినయంగా మనవి చేస్తున్నాను.

ఇంకో ఉదాహరణ చెబుతాను. 1933లో ఫ్రాన్సిస్ ఫోర్ అనేవాడు వెల్లకిలా వాలి తొక్కే సైకిలు మీద గంటలో 45 కిలోమీటర్ల పైచిలుకు వెళ్లి, 1914 నుంచి నిలిచి ఉన్న రికార్డును దాటేశాడు. మరుసటి ఏడాది పందేల సంఘం అలాంటి సైకిళ్లను నియమావళి నుంచే తీసేసింది. ఈనాటికీ పందెపు సైకిలు 6.8 కిలోలకన్నా తక్కువ బరువు ఉండకూడదన్న నిబంధన ఉంది, అది 2000 సంవత్సరం నుంచి అమలులో ఉంది. నిబంధనలు పెట్టడం వాళ్ల ఇష్టం, ఆట అన్నాక గీతలు ఉండాల్సిందే. నేను చెప్పేది ఒక్కటే: ఆ గీతల లోపల తయారైన సైకిలు ఆ ఆటకు మంచిది. మూసాపేట చౌరస్తాకు కూడా అదే మంచిదని ఎవరు తేల్చారు?

ఇక పరికరాల సంగతికి వస్తాను. బరువు గురించి మీ వ్యాసంలో ఒక పేరా నిండా ఉంది. నా సైకిలు 18 కిలోలు, మీరు బొమ్మ వేసిన కార్బను సైకిలు 8 కిలోలు అనుకుందాం. తేడా 10 కిలోలు. మా దారిలో అతిపెద్ద ఎత్తు బాలానగర్ ఫ్లైఓవరు. దాన్ని ఒక 8 మీటర్లు అనుకుంటే, 10 కిలోలను 8 మీటర్లు పైకెత్తడానికి దాదాపు 780 జౌళ్ల శక్తి కావాలి. నా వంటివాడు తీరిగ్గా తొక్కినా 75 వాట్ల శక్తి పెడతాడు. అంటే ఆ పది కిలోల భారం నాకు ఫ్లైఓవరు దగ్గర పది సెకన్లు ఖర్చు పెట్టిస్తుంది. చదును రోడ్డు మీద, సిగ్నల్ దగ్గర ఆగి మళ్లీ అందుకునేటప్పుడు తప్ప, ఆ బరువు ఉన్నట్టే తెలియదు. అక్కడ మనతో పోట్లాడేది ఎదురుగాలి, గాలి తగ్గిన టైరు. పదో తరగతి భౌతికశాస్త్రం చదివిన ఎవరైనా వేయగల ఈ లెక్కను, యాభై వేల రూపాయలు పెట్టమని సలహా ఇచ్చే ముందు ఎవరో ఒకరు వేయాల్సింది.

ఆ గాలి విషయమే చాలామందికి తెలియదు. మా షాపు గేటు పక్కన సైకిళ్లు బాగుచేసే పెద్దాయన ఉండేవాడు. మేమంతా చాచా అని పిలిచేవాళ్లం. ఎవరైనా "చాచా, సైకిలు బరువుగా తొక్కుతోంది, ఓరాయిలింగు చేయాలి" అంటూ వస్తే, ఆయన ఏమీ మాట్లాడకుండా బొటనవేలితో వెనక టైరు నొక్కి చూసి, పంపు చేతికిచ్చేవాడు. సగం మందికి రోగం అక్కడే కుదిరేది. మిగతా సగం మంది దగ్గర చైను చెయ్యి పెట్టి ఊపేవాడు. అరిగి సాగిన చైను పళ్ల మీద నుంచి వేలెడంత పైకి లేచేది. చైనును అలాగే తొక్కితే ఫ్రీవీలు పళ్లు కూడా తినేస్తుందని, అప్పుడు రెండూ మార్చాలని, ముందే చైను ఒక్కటి మారిస్తే సరిపోతుందని ఆయన నాకు చెప్పింది 1996లో. ఆ మాట ఇవాళ ఖరీదైన దుకాణాల్లో చైను అరుగుదల కొలిచే ఉక్కు పట్టీ పెట్టి చెబుతున్నారు. సంతోషమే.

గేర్ల గురించి కూడా చాచా చేసిన ఉపకారం ఒకటుంది. నా సైకిలుకు ముందు చైనువీలు 44 పళ్లు, వెనక ఫ్రీవీలు 18 పళ్లు ఉండేవి. 28 అంగుళాల చక్రానికి ఆ లెక్కన పెడలు ఒక చుట్టు తిరిగితే సైకిలు దాదాపు 5.5 మీటర్లు వెళ్తుంది. నలభై దాటాక మోకాలు మొరాయించడం మొదలుపెడితే గేరు సైకిలు కొనుక్కుంటానన్నాను. ఆయన నవ్వి, వెనక 20 పళ్ల ఫ్రీవీలు వేశాడు. చుట్టుకు 4.9 మీటర్లయింది. నిమిషానికి అరవై చుట్లు తొక్కితే గంటకు పదిహేడున్నర కిలోమీటర్లు వస్తుంది, మోకాలూ ఊరుకుంది. గేర్లు వద్దని నేననను. శ్రీశైలం ఘాటు ఎక్కేవాడికి, విశాఖలో సింహాచలం కొండవైపు ఇల్లున్నవాడికి అవి కావాలి. కానీ కొత్త సైకిలు అడిగిన ప్రతివాడి చేతిలోనూ 21 గేర్లు పెట్టి పంపిస్తున్నారు. ఆరు నెలలకు తీగ సాగి, గేరు ఒకచోట బిగుసుకుపోయి, ఆ పిల్లవాడు ఒక్క గేరు మీదే తొక్కుతూ మిగతా ఇరవై గేర్ల బరువూ మోస్తున్నాడు.

ఆ 21 గేర్ల సైకిళ్లకే ముందొకటి, సీటు కింద ఒకటి షాకబ్జర్వర్లు ఉంటాయి. అయిదారు వేలు మొదలు పదివేల లోపు సైకిళ్లకు వచ్చే ఆ స్ప్రింగులు గుంతను మింగేది తక్కువ, మన తొక్కుడును మింగేది ఎక్కువ. లేచి నిలబడి తొక్కితే సైకిలు ఉయ్యాల ఊగుతుంది. బరువు మాత్రం రెండు మూడు కిలోలు పెరుగుతుంది. గుంతల రోడ్డుకు మందు వెడల్పాటి టైరు, స్ప్రింగు సీటు. పందెగాళ్లు కూడా ఎన్నో ఏళ్లు 23 మిల్లీమీటర్ల సన్న టైర్లను రాయిలా గట్టిగా నింపుకుని తొక్కి, ఇప్పుడు 28కి, ఆ పైకి వెళ్లారు. సన్నటి గట్టి టైరు నున్నటి డ్రమ్ము మీద పరీక్షిస్తే బాగానే తిరుగుతుంది, గరుకు రోడ్డు మీద మాత్రం ప్రతి రాయి దగ్గరా ఒంటిని కుదిపి శక్తిని వృథా చేస్తుందని తెలుసుకున్నారు. మా నల్ల సైకిలు టైరు పుట్టిన దగ్గర్నుంచీ ఒకటిన్నర అంగుళం వెడల్పే.

ఇంతకన్నా ముఖ్యమైనవి, మీ పట్టికలో ఒక్క గడి కూడా దక్కనివి ఉన్నాయి. మడ్గార్డు, చైను కవరు, క్యారియరు, స్టాండు, బెల్లు, లైటు. ఇవి లేకపోవడమే ఇప్పుడు అందం అయిపోయింది. నున్నగా, బోడిగా, పందెపు సైకిలులా కనపడాలి. జూలై నెలలో మడ్గార్డు లేని సైకిలు మీద పనికి వెళ్లినవాడి వీపు మీద నడిమధ్య బురద చార ఒకటి పడుతుంది. అది చూస్తేనే సూపర్‌వైజరుకు తెలిసిపోతుంది ఆ వచ్చినవాడు కొత్త సైకిలు కొన్నాడని. మా అమ్మాయి ఇంటరు చదివే రోజుల్లో కాలేజీకి సైకిలు మీదే వెళ్లేది. దాని చైనుకు నిండు కవరు ఉండేది కాబట్టి చున్నీ, సల్వారు అంచు ఏనాడూ చైనులో పడలేదు. మొన్న మనవరాలికి కొనడానికి వెళ్తే దుకాణంలో కవరున్న సైకిలు లేదు. అడిగితే, "అవి పాత మోడళ్లు సార్, ఇప్పుడు పిల్లలు ట్రాక్ ప్యాంట్లేగా వేసుకునేది" అన్నాడు ఆ కుర్రాడు. ఆడపిల్ల ఏ బట్టలు వేసుకుని సైకిలెక్కాలో చైను కవరు తేల్చేస్తుందని అతనికి తెలియదు, పాపం.

లైటు విషయం మరీ అన్యాయం. మా నాన్న కాలంలో సైకిలుకు డైనమో లేకుండా చీకట్లో పోతే పోలీసు ఆపి గాలి తీసేసేవాడు. ఆ డైనమో టైరుకు ఒరుసుకుంటూ గుర్రుమని అరిచేది, తొక్కుడు బరువయ్యేది, ఆగితే లైటూ ఆరిపోయేది. అయినా ఉండేది. వెనక మడ్గార్డు కింది భాగానికి తెల్ల రంగు, దాని మీద ఎర్రటి అద్దం బిళ్ల కంపెనీ నుంచే వచ్చేవి. ఇప్పుడు అగ్గిపెట్టెంత ఎల్ఈడీ దీపం తక్కువ ధరకే వస్తోంది, అయినా సైకిలుతో పాటు దాన్ని ఇచ్చే ఆనవాయితీ పోయింది. మడ్గార్డే లేనప్పుడు తెల్ల రంగు ఎక్కడ వేస్తారు? చీకటి పడ్డాక బాలానగర్ నుంచి షిఫ్టు దిగి వచ్చే వందల సైకిళ్లలో వెనక ఎర్రదీపం ఉన్నవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. లారీ డ్రైవరుకు వాళ్లు దగ్గరకొచ్చేదాకా కనపడరు.

పాతదంతా బంగారమని నేననుకుంటున్నానని మీరు భావించకూడదు. నా యాభై రెండో ఏట, మా ఫోర్‌మన్ కొడుకు ప్రోద్బలంతో బ్రెవే అనే 200 కిలోమీటర్ల దూరప్రయాణంలో పాల్గొన్నాను. అది పందెం కాదు. ముందు వచ్చినవాడికి బహుమతి ఉండదు, పదమూడున్నర గంటల్లోగా పూర్తి చేస్తే చాలు. దారిలో నిర్ణయించిన చోట్ల కార్డు మీద ముద్ర వేయించుకోవాలి. ఏ సైకిలైనా ఫరవాలేదు. లైట్లు, మెరిసే జాకెట్టు ఉండాలన్నది మాత్రం నిబంధన. ఉదయం ఆరింటికి బయలుదేరేచోట ఒక యువకుడు నా సైకిలును, క్యారియరుకు కట్టిన టిఫిను డబ్బాను చూసి, "సార్, మీరు వాలంటీరా?" అని మర్యాదగా అడిగాడు. షాద్‌నగర్ దాటాక అదే యువకుడు రోడ్డు పక్కన టైరు విప్పుకుని కూర్చుని కనిపించాడు. కొత్త ట్యూబు వేశాడు, గాలి కొట్టే పంపు మొరాయించింది. నా పంపు ఇచ్చాను. అతని సైకిలు వాల్వు పెన్సిలు ములుకులా సన్నగా ఉంది, నా పంపు దానికి పట్టలేదు. పక్కనే పంక్చరు దుకాణం ఉంది, అక్కడ కంప్రెసరూ ఉంది, దానికీ పట్టలేదు. వెనక నుంచి వచ్చిన మరొకాయన సంచిలోంచి బఠానీ గింజంత ఇత్తడి బిళ్ల తీసి ఆ వాల్వుకు తగిలిస్తే తప్ప గాలి ఎక్కలేదు. లక్ష రూపాయల సైకిలును ఆ బిళ్ల నిలబెట్టింది. నిజం చెప్పాలంటే, గంట తిరక్కుండానే ఆ అబ్బాయి ఈల వేసుకుంటూ నన్ను దాటిపోయాడు, మళ్లీ సాయంత్రం ముగింపు దగ్గర టీ తాగుతూ కనిపించాడు.

తిరుగు ప్రయాణంలో శంషాబాద్ దగ్గర తుంపర పట్టుకుంది. నా సైకిలుకు అప్పుడు కడ్డీ బ్రేకులు, మెరుగు పూసిన ఇనుప రిమ్ములు ఉండేవి. తడిసిన ఇనుప రిమ్ము మీద రబ్బరు బిళ్ల సబ్బు మీద కాలు వేసినట్టే. ముందున్న ఆటో ఆగితే, నేను రెండు బ్రేకులూ గట్టిగా పట్టుకుని, ఆటో వెనక రాసిన అక్షరాలన్నీ చదవగలిగినంత సేపు జారుతూ వెళ్లి, కాలు నేలకు రాకి ఆగాను. చెప్పు అరిగిపోయింది, మడమ దోక్కుపోయింది. 13 గంటల 4 నిమిషాలకు చేరాను కానీ, ఆ నెల జీతం అందగానే పాత సైకిలు ఇచ్చేసి, అల్యూమినియం రిమ్ములు, పక్కల నుంచి పట్టే బ్రేకులు ఉన్న సైకిలు ఏరి తెచ్చుకున్నాను. వానలో బ్రేకు పడాలన్న విషయంలో డిస్కు బ్రేకులను పొగిడిన మీ సైక్లిస్టుతో నాకు ఏ తగాదా లేదు. తగాదా అల్లా, తేలిక బరువుకూ బ్రేకుకూ ఒకే విలువ కట్టడంతోనే. ఒకటి పది సెకన్లు మిగిలిస్తుంది, రెండోది మనిషిని మిగిలిస్తుంది.

పందేలంటే నాకు అయిష్టమూ లేదు. 2018లో స్విట్జర్లాండులోని ఎయిగల్‌లో అండమాన్ కుర్రాడు ఎసో అల్బెన్ జూనియర్ ప్రపంచ పోటీల్లో కైరిన్ అనే ట్రాకు పందెంలో రజతం గెలిచినప్పుడు, 2022లో ఢిల్లీలో జరిగిన ఆసియా పోటీల స్ప్రింటులో మణిపూర్‌కు చెందిన రొనాల్డో సింగ్ రజతం తెచ్చినప్పుడు మా షాపులో మిఠాయి పంచింది నేనే. వాళ్లు తొక్కిన ట్రాకు సైకిలుకు గేర్లు ఉండవు, బ్రేకులూ ఉండవు, ఫ్రీవీలు కూడా ఉండదు. మన దేశానికి అంతర్జాతీయ పతకాలు తెచ్చిన సైకిలు, మీ అనుబంధంలో మంచి సైకిలుకు ఉండాల్సిన లక్షణాలుగా చెప్పినవాటిలో దాదాపు ఏదీ లేనిది. 2002 జాతీయ క్రీడల కోసం మన ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనే వెలోడ్రోం కట్టారన్నది ఈనాటి పిల్లల్లో ఎందరికి తెలుసు? సైకిలు పందెం గురించి రాసేటప్పుడు ఫ్రాన్సు దాకా వెళ్లే ముందు తార్నాక దాకా వెళ్లవచ్చు.

రోడ్ల గురించి ఎక్కువ రాయను, ఆ విషయం మీద ఉత్తరాలు మీకు రోజూ వస్తూనే ఉంటాయి. ఔటర్ రింగు రోడ్డు వెంట 2023 అక్టోబరు 1న ప్రారంభమైన 23 కిలోమీటర్ల సైకిలు ట్రాకును చూసి వచ్చాను. పైన సౌర ఫలకాల కప్పు, కింద నీడ, మూడు వరుసల దారి. ఎండాకాలంలో అలా తొక్కడం ఒక భోగమే. కానీ నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరుల మీదుగా పోయే ఆ దారి మీద, సైకిలు తప్ప గతి లేనివాడు తొక్కి చేరాల్సిన పనిచోట్లు ఎన్ని ఉన్నాయి? నేను వెళ్లిన ఆదివారం అక్కడికి సైకిళ్లు చాలావరకు కార్ల వెనక కట్టుకుని వచ్చాయి. ఆ ట్రాకు ఉండాలి, ఇంకా పెరగాలి. దానికయ్యే శ్రద్ధలో పదో వంతు జీడిమెట్ల, బాలానగర్, పటాన్‌చెరు పారిశ్రామికవాడల రోడ్ల అంచున ఒక గజం వెడల్పు దారి మీద పెట్టినా చాలు, అక్కడ రోజుకు రెండు పూటలా తొక్కేవాళ్లు ఉన్నారు.

రోడ్డు దాటి లోపలికి వెళ్లినా అదే తంతు. నగరంలోని ఒక పెద్ద దుకాణ సముదాయానికి వెళ్తే, చీటీ ఇచ్చే యంత్రంలో కారు, బైకు అని రెండే మీటలు ఉన్నాయి. సైకిలుకు చీటీ రాదు, చీటీ లేనిదే లోపలికి రానివ్వరు. ఆ కాపలాదారుడు మంచివాడు, తానూ సైకిలు మీదే వస్తాడట. తన సైకిలు పెట్టుకునే జనరేటరు వెనక సందు చూపించాడు.

ఇంత రాశాక, చేయదగినది కూడా చెప్పాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద, వాటి విడిభాగాల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. కొనేవాడికి మిగిలిన ఆ నాలుగు వందలూ ఐదు వందలతో మడ్గార్డు, స్టాండు, వెనక ఎర్రదీపం వస్తాయి. కంపెనీలు వాటిని బిగించే అమ్మాలని, బిగించని సైకిలును పూర్తి సైకిలుగా లెక్కపెట్టవద్దని మీ వంటి పత్రికలు అడిగితే వినేవాళ్లు ఉంటారు. 1951 నుంచి నల్ల సైకిళ్లు చేసిన అట్లాస్ కంపెనీ సాహిబాబాద్ కర్మాగారం 2020 జూన్ 3న మూతపడింది. ఆ రోజు ప్రపంచ సైకిలు దినోత్సవం. ఆ సైకిలును కొనేవాళ్లు లేక కాదు, కొనేవాళ్లు ఏమి అడుగుతున్నారో రాసేవాళ్లు లేక ఈ పరిస్థితి వచ్చిందని నేను గట్టిగా చెప్పలేను కానీ, దుకాణాల్లో పనిసైకిలు మూలకు జరిగిపోవడం మాత్రం కళ్లారా చూస్తున్నాను. ఈసారి మీరు సైకిళ్లను పరీక్షించేటప్పుడు పది కిలోల బియ్యం సంచి కట్టి, ఒక వానలో, ఒక చీకట్లో తొక్కించి చూడవలసిందిగా కోరుతున్నాను. గంటకు ఎంత వేగమో రాసినట్టే, పంక్చరు పడితే వీధి చివర దొరికే పంపు దాని వాల్వుకు పడుతుందో లేదో కూడా రాయండి.

మీ పత్రికను మా గుమ్మంలో వేసే కుర్రాడు ఉదయం అయిదింటికే వస్తాడు. డిగ్రీ చదువుతున్నాడు. అతనిది ఎవరో వాడి వదిలేసిన 21 గేర్ల సైకిలు, మూడో గేరులో బిగుసుకుపోయింది. క్యారియరు లేదు కాబట్టి పేపర్ల కట్టను హ్యాండిలుకూ సీటు గొట్టానికీ మధ్య పాత ట్యూబు కోసి తీసిన రబ్బరు పట్టీతో బిగించి కడతాడు. ప్రతి ఇంటి ముందూ సైకిలును గేటుకు ఆనించి లోపలికి పరుగెత్తుతాడు. మొన్న వానలో అది జారి పడి, ముప్పై పేపర్లు బురదపాలయ్యాయి, ఆ డబ్బు అతని జీతంలో కోసుకున్నారు. నిన్న అతన్ని ఆపి, మీ వ్యాసం చేతికిచ్చి, ఇందులో నీకు ఏ సైకిలు నచ్చిందో చెప్పమన్నాను. నిలబడే రెండు పేజీలూ జాగ్రత్తగా చూశాడు. "బాగున్నయి అంకుల్. వీటిల స్టాండున్నది ఏది?" అని అడిగాడు. నేను కళ్లజోడు తెచ్చుకుని, అతనితో పాటు మళ్లీ మొదటి నుంచి వెతికాను. బొమ్మలు వేసిన పదకొండు సైకిళ్లలో ఒక్కదానికీ లేదు.

భవదీయుడు,
ఒక విశ్రాంత టర్నరు,
మియాపూర్, హైదరాబాద్